ఆదివారం గాలం వేద్దామనుకునే కొత్తవాళ్ళకు

రోహిణి కార్తెలో ఒక రోజు మా మేనల్లుడు ఆన్‌లైన్లో 4 వేలు పోసి రాడ్డు, రీలు, రంగురంగుల ప్లాస్టిక్ చేపల డబ్బా తెప్పించుకుని, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి "మామా, చెరువు కాడికి పోదాం పా" అంటూ ఇంటి ముందు బండి ఆపాడు. ఎండ 43 డిగ్రీలు. ఆ టైముకు చెరువులో బర్రెలు కూడా ముక్కులు మాత్రం బయటపెట్టి పడుకుంటాయి, ఇక చేప పైకొచ్చి మన ప్లాస్టిక్ బొమ్మను ఎందుకు కరుస్తుంది? వాణ్ణి లోపల కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, సాయంత్రం దాకా చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. పదిహేనేళ్ళ కింద నాకు ఇవి చెప్పినవాళ్ళు లేరు. మొదటి రోజు ఐదు గంటలు కట్ట మీద మాడి, ఒక్క ఎండ్రకాయతో ఇంటికొచ్చిన ఘనత నాది.

నేను చేపల మీద బతికేవాణ్ణి కాదు. నల్లగొండలో ఉద్యోగం, ఆదివారం సెలవు, అంతే. కాబట్టి వలల గురించి, తెప్పల గురించి నాకు తెలిసింది తక్కువ. గాలం గురించి మాత్రం ఒక మాట గట్టిగా చెప్తాను. చేప పడుతుందా పడదా అన్నది గాలం నీళ్ళలో పడకముందే ముప్పాతిక వంతు తేలిపోతుంది. ఎవరి చెరువు, ఏ మూల, ఏ టైము, ఏ ఎర. రాడ్డు ధర ఆ తర్వాతి సంగతి.

ముందు ఎవరి చెరువో తెలుసుకోండి. ఊరి చెరువులో చేపలు ఊరికే పుట్టినవి కావు. చాలా ఊళ్ళలో మత్స్య సహకార సంఘం వాళ్ళు చెరువును లీజుకు తీసుకుని, వానలు పడి నీళ్ళు నిండాక చేప పిల్లలు వదిలి, ఏడాదంతా కాపలా కాస్తారు. 2016-17 నుంచి సర్కారు ఉచితంగా పిల్లలిచ్చే పథకం పెట్టినా, కాపలా, వలలు, కష్టం వాళ్ళవే. ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తవాళ్ళు తరాలుగా ఈ నీళ్ళ మీద బతుకుతున్నారు. మనం కూలింగ్ గ్లాసులు పెట్టుకుని వెళ్ళి సరదాగా 3 కిలోల బొచ్చె చేప లాగేస్తే అది వాళ్ళ సంతలో 3 కిలోలు తగ్గినట్టే. నేను కొత్తలో ఒక చెరువు దగ్గర అడక్కుండా కూర్చున్నాను. కాపలా ఉన్న పెద్దాయన ఏమీ అనకుండా వచ్చి, నా కర్ర తీసుకుని, తీగ చక్కగా చుట్టి, పక్కన పెట్టి, అప్పుడు అడిగాడు, "ఏ ఊరు బిడ్డా మనది?" తిట్టినా అంత సిగ్గయ్యేది కాదు.

తర్వాత ఆయనే నాకు సగం విద్య నేర్పాడు. ఆయనతో కుదిరిన ఒప్పందం ఇప్పటికీ ఎక్కడికెళ్ళినా అదే అడుగుతాను: "పెద్దయ్యా, జరసేపు గాలం ఏసుకుంటా. పరకలు, జెల్లలు పడితే తీసుకపోతా, బొచ్చె, రవ్వ పడితే నీకిస్తా, లేకుంటే రేటు కట్టిచ్చి తీసుకపోతా." పరకలంటే చిన్న చేపలు, జెల్లలంటే మీసాల చేపలు; బొచ్చె, రవ్వ సంఘం వాళ్ళు పెంచుకునే పెద్ద రకాలు. పదిమందిలో ఎనిమిది మంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే దండం పెట్టి ఇంకో చెరువు చూసుకోవడమే. ప్రాజెక్టుల్లో అయితే లైసెన్సు ఉన్న మత్స్యకారులు ఉంటారు, జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఒకసారి అడిగి వెళ్ళండి. తాగునీటికి వాడే రిజర్వాయర్ల దగ్గర, బోర్డు పెట్టిన చోట, అమ్రాబాద్ పులుల అడవి లోపల నీళ్ళ దగ్గర అసలు ప్రయత్నించొద్దు. జూలై, ఆగస్టుల్లో కొత్త నీళ్ళకు చేపలు గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో ప్రాజెక్టుల జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఇప్పుడు చెరువును చూడడం. మొదటిసారి వెళ్ళిన చెరువు దగ్గర నేను అరగంట గాలం తీయను. కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తాను. తూము దగ్గర లోతు ఎక్కువ, ఎండాకాలం మధ్యాహ్నం చేపలు అక్కడికే దిగుతాయి. శిఖం వైపు, అంటే కట్టకు ఎదురు అంచున, నీళ్ళు పలచగా, వెచ్చగా, గడ్డితో ఉంటాయి, పొద్దున్నే, సాయంత్రం చేపలు మేతకు అటు వస్తాయి. వాగు వచ్చి కలిసే చోట నీళ్ళతో పాటు పురుగులు, మట్టి, గింజలు కొట్టుకొస్తాయి కాబట్టి వాన పడిన మర్నాడు ఆ మూలే మేలు. మత్తడి (అలుగు) దూకుతున్నప్పుడు దాని కింద చేపలు నీటికి ఎదురెక్కుతాయి, ఊరంతా బుట్టలు, దోమతెరలు పట్టుకుని అక్కడే ఉంటుంది, గాలానికి చోటూ ఉండదు, కాలు జారితే దిక్కూ ఉండదు. నేనటు పోను.

గాలి ఎటు వీస్తోందో చూడండి. గాలి తోసిన మేత అవతలి ఒడ్డున చేరుతుంది, చేపలూ అక్కడే చేరతాయి. గాలి మొహానికి కొడుతుంటే కూర్చోవడం, విసరడం ఇబ్బందే, అయినా అటువైపే కూర్చోవాలి. నీళ్ళ మీద సన్న బుడగలు వరసగా లేస్తూ, అక్కడక్కడ బురద మేఘంలా పైకి తేలుతుంటే అడుగున బంగారు తీగ చేపలు నోటితో మట్టి తవ్వుతున్నాయని లెక్క. తుంగ కాడలు గాలి లేకుండా కదులుతున్నాయంటే మధ్యలో ఏదో తిరుగుతోంది. అదే ఆకుపచ్చగా చిక్కబడిన చెరువులో తెల్లవారుజామున చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైన తేలుతున్నాయనుకోండి, ఆకలనుకుని సంబరపడకండి. రాత్రంతా నాచు గాలి పీల్చేసి నీళ్ళలో ఊపిరి తగ్గితే అట్లా తేలుతాయి. అప్పుడు లడ్డూ పెట్టినా ముట్టవు. ఎండెక్కి రెండు గంటలయ్యాక మళ్ళీ వెళ్ళండి.

టైము సంగతి. ఎండాకాలం పొద్దున 5:30 నుంచి 8:30, సాయంత్రం 5 తర్వాత. డిసెంబరు, జనవరిల్లో తొందరపడి చలిలో వణకొద్దు, నీళ్ళు కాస్త వేడెక్కాక 9, 10 గంటలకు మొదలవుతాయి. మబ్బు పట్టి, చిన్న తుంపర పడేముందు ఉక్కపోసే రోజు దొరికితే ఆఫీసుకు సెలవు పెట్టినా తప్పులేదు. మృగశిర కార్తె నాడు, అంటే జూన్ 7, 8 తేదీల్లో, ఊరంతా చేపలు తినాలనుకుంటుంది కాబట్టి ఆ ముందు రెండు రోజులు చెరువుల్లో వలలు ఆడుతూనే ఉంటాయి. ఆ గందరగోళంలో గాలానికి ఏమీ పడదు, ఆ రోజు సంతలో కొనుక్కోండి.

సామాన్లు. మొదటి ఏడాదికి 10, 12 అడుగుల సన్న వెదురు కర్ర చాలు. పచ్చిది కాకుండా నీడలో ఎండినది, చివర బెత్తంలా వంగేది. దానికి కర్ర పొడవంత తంగూసు (నైలాన్) తీగ, 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్ల మందం. నీళ్ళ మీద తేలే బెండుకు నెమలి ఈక కాడ అంత మంచిది ఇంకొకటి లేదని పెద్దవాళ్ళంటారు, నిజమే, కానీ జీలుగు బెండు ముక్క, పాత హవాయి చెప్పు ముక్క కూడా పనిచేస్తాయి, సన్నగా చెక్కితే చాలు. లావు బెండు పెడితే చేప లాగినప్పుడు బరువు తెలిసి ఎర ఉమ్మేస్తుంది. గాలానికి జానెడు పైన చిన్న సీసం గుండు నొక్కండి. గాలాల నంబర్లు తిరకాసు, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. పరకలకు 12, జెల్లలకు, రవ్వలకు 8 లేదా 6, కొర్రమీనుకు 1/0 అనే పెద్ద గాలం. కొత్తవాళ్ళంతా పెద్ద చేప ఆశతో పెద్ద గాలం కొంటారు, పరకలు వచ్చి ఎర తిని పోతుంటే చూస్తూ కూర్చుంటారు.

ముడి నేర్చుకోకుండా మాత్రం బయల్దేరకండి. తీగను గాలం కన్నులోంచి దూర్చి, కొసను అసలు తీగ చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కన్ను పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి కొసను వెనక్కి దూర్చి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. తడపకుండా లాగితే రాపిడి వేడికి తీగ బలహీనపడుతుంది, చేప తగిలినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. ఇంట్లో టీవీ ముందు ఇరవైసార్లు కట్టండి. చెరువు గట్టున చేతులు వణుకుతూ కట్టిన ముడి ముడి కాదు.

లోతు కొలవడం చాలామంది వదిలేస్తారు, నన్నడిగితే సగం ఖాళీ చేతులకు కారణం ఇదే. గాలానికి కాస్త బరువైన సీసం తాత్కాలికంగా తగిలించి నీళ్ళలో వదలండి. బెండు మునిగిపోతే దాన్ని పైకి జరపాలి, పక్కకు పడుకుంటే కిందికి జరపాలి, కొన మాత్రం కనపడేట్టు నిలబడితే ఎర సరిగ్గా అడుగున ఉన్నట్టు. ఎందుకు ఇంత లెక్కంటే చెరువులో ఎవరి అంతస్తు వాళ్ళది. బొచ్చె పైనీళ్ళలో తింటుంది, దాని నోరు కూడా పైకే తిరిగి ఉంటుంది. రవ్వ నడుమ తిరుగుతుంది. మృగాల చేప, బంగారు తీగ అడుగున మట్టిలో వెతుక్కుంటాయి. బొచ్చె కోసం అడుగున ఎర పెట్టి కూర్చోవడమంటే పై అంతస్తు వాడి కోసం కింది ఇంటి తలుపు కొట్టడమే.

ఎర. ఎర్రలను, అంటే వానపాములను, మించింది ఇప్పటికీ లేదు. పశువుల కొట్టం వెనక పెంటకుప్ప అంచున తడిగా ఉన్నచోట తవ్వితే ఎర్రటి సన్నవి దొరుకుతాయి, పొలంలో దొరికే లావు బూడిదరంగువాటి కంటే ఇవే బాగా కదులుతాయి. డబ్బాలో అక్కడి మట్టే వేసి, తడి గుడ్డ కప్పి, నీడలో పెట్టండి. ఎండలో వదిలేస్తే గంటలో పాయసమవుతాయి, ఆ వాసన బండి డిక్కీలోంచి వారం పోదు, అనుభవంతో చెప్తున్నా. ఎర్రను గాలానికి పొడుగ్గా ఎక్కించి తోక కొంచెం వేలాడనివ్వండి. జెల్లలు, మార్పు చేపలు, పరకలు, కొర్రమీను పిల్లలు దేనికైనా అదే.

రవ్వ, బంగారు తీగలకు పిండి. నా పాళ్ళు ఇవి: రెండు గుప్పెళ్ళ గోధుమపిండి, ఒక గుప్పెడు పల్లి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) పొడి, నిమ్మకాయంత బెల్లం. పాలమూరు వైపు గానుగల దగ్గర పల్లి చెక్క తాజాగా దొరుకుతుంది, దాని వాసన వేరు, పాతబడి కారు నూనె వాసనొచ్చేది వద్దు. చపాతీ పిండికంటే గట్టిగా, వేలితో నొక్కితే పగలకుండా ఉండేట్టు కలపాలి. అయిందో లేదో తెలియాలంటే చిన్న ఉండ బకెట్ నీళ్ళలో వేసి చూడండి, పది నిమిషాలు ఆకారం నిలిచి, అంచుల నుంచి మెల్లగా కరగాలి. వెంటనే విడిపోతే పిండి ఎక్కువ వేయండి, రాయిలా ఉంటే నీళ్ళు.

కూర్చున్న చోటికి చేపల్ని పిలవడానికి తవుడు, పల్లి చెక్క, చెరువు మట్టి కలిపి బత్తాయిలంత ఉండలు నాలుగైదు వేస్తాను. మట్టి బరువుకు ఉండ అడుగుకు పోతుంది, అక్కడ విడిపోతుంది. అరగంటకొకటి చాలు. చాలామంది ఉత్సాహంలో కిలోలకు కిలోలు పోస్తారు, చేపలు అది తిని కడుపు నింపుకుని పోతాయి, మన గాలం దగ్గరికి వచ్చే అవసరమేముంది? బొచ్చె కోసం ఒక పెద్ద ముద్ద చుట్టూ నాలుగైదు చిన్న గాలాలు గుచ్చే పద్ధతి ఒకటుంది. పడతాయి, కాదనను, కానీ నోట్లో కాకుండా చెంపకు, కంటికి తగిలి చిన్న చేపలు పాడవుతాయి. నేను మానేశాను.

ఇప్పుడు బెండు భాష. ఈ విద్యలో నాకు నచ్చేదంతా ఇందులోనే ఉంది, రెండు మూడు ఆదివారాలు ఊరికే చూస్తే వచ్చేస్తుంది. బెండు టుక్ టుక్ మని ఆగకుండా వణుకుతోందంటే పరకలు, లాగడానికి తొందరపడకండి, గాలం చిన్నది వేయండి. రెండుసార్లు కొద్దిగా మునిగి, ఆగి, ఏటవాలుగా పక్కకు పోతూ మునిగితే రవ్వ, ఆ పోయేటప్పుడే లాగాలి. బంగారు తీగది విచిత్రం, బెండు మునగదు, పైకి లేచి పక్కకు పడుకుంటుంది. అడుగునున్న ఎరను సీసంతో సహా పైకెత్తేస్తుంది కాబట్టి బెండుకు బరువు పోతుంది. కొత్తవాళ్ళు గాలి వల్ల అనుకుని చూస్తూ కూర్చుంటారు, సరిగ్గా అప్పుడే లాగాలి. జెల్ల అయితే మర్యాదలేమీ లేవు, గభాల్న గుంజి పట్టుకుపోతుంది, ఆలస్యం చేస్తే గాలాన్ని కడుపులోకి మింగేస్తుంది, తీయడం నరకం. బొచ్చె తీసుకున్నప్పుడు బెండు ఊపిరి తీసినట్టు ఒక్క గీత దిగుతుంది, అంతే. అలవాటైన కంటికే కనపడుతుంది.

బెండు మెల్లగా, తొందర లేకుండా, ఒకే తీరుగా కిందికి దిగి, లాగితే బండరాయి తగిలినట్టు బరువుంటే సంబరపడకండి, అది తాబేలు. పట్టడం, తినడం చట్టప్రకారం నేరం. కరుస్తుంది కూడా. తువ్వాలు కప్పి పట్టుకుని, గాలం బయటికి కనపడితే తీసి, లోపలికి పోయి ఉంటే తీగను వీలైనంత దగ్గరగా కోసి వదిలేయండి.

లాగడమంటే భుజంతో గుంజి చేపను వెనకున్న తుమ్మచెట్టు మీదికి విసరడం కాదు. మణికట్టుతో చిన్న విసురు, గాలం పెదవికి గుచ్చుకుంటే చాలు. తర్వాత కర్రను నిలువుగా ఎత్తి పట్టుకోండి, చేప గుంజిన ప్రతిసారీ కర్ర వంగి ఆ బరువును తీసుకుంటుంది. కర్రను చేపవైపు వంచారో, బరువంతా తీగ మీద పడి టప్పున తెగుతుంది. పరుగెత్తనివ్వండి, ఆగినప్పుడు లాగండి, మళ్ళీ పరుగెత్తనివ్వండి. రీలు ఉంటే బ్రేకును ముందే సరిచూసుకోవాలి, తీగను చేత్తో గట్టిగా లాగితే రీలు కొంచెం కొంచెంగా వదలాలి. ఒడ్డుకొచ్చిన చేప మనల్ని చూడగానే ఒక ఆఖరి దూకుడు దూకుతుంది, చాలా చేపలు పోయేది అక్కడే. నీళ్ళలో చేతివల ముంచి ఉంచి, చేపను తల వైపు నుంచి దాని మీదికి తీసుకురండి, వలతో చేప వెంట పడకండి.

కొర్రమీనుకు వేరే పాఠం. మన తెలంగాణ రాష్ట్ర చేప అది, రేటూ అట్లాగే ఉంటుంది. ఇది నీళ్ళలోని గాలి పీల్చడంతో పాటు పైకొచ్చి మామూలు గాలి కూడా మింగుతుంది, అందుకే గుర్రపు డెక్క, తామర ఆకుల సందుల్లో ఉండుండి "గుబుక్" మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినపడిన చోటు గుర్తు పెట్టుకోండి, కొన్ని నిమిషాల్లో మళ్ళీ అక్కడే లేస్తుంది. కొందరు బతికున్న కప్పను గుచ్చి వేస్తారు, నాకు మనసొప్పదు, రబ్బరు కప్ప 150 రూపాయల్లో వస్తుంది, గాలం మొనలు దాని వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకుల్లో చిక్కదు. దాన్ని ఆకుల మీద పడేసి, టపటప దూకిస్తూ లాక్కురావాలి. కింద నుంచి బాంబు పేలినట్టు నీళ్ళు లేస్తాయి, గుండె ఆగినంత పనవుతుంది, చేయి దానంతటదే లాగేస్తుంది, అదే తప్పు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, తీగ బరువెక్కాక గుంజండి. కప్పను నోట్లో తిప్పుకునే దాకా గాలం గుచ్చుకోదు. నేను మొదటి ఏడాది తొమ్మిది కొర్రమీన్లను ఇట్లాగే ఆకాశంలోకి లాగిన ఖాళీ కప్పతో వదులుకున్నాను.

ఒకటి మాత్రం బతిమాలుతున్నా. వానాకాలంలో నీళ్ళ మీద ఎర్రటి, నారింజ రంగు పిల్లలు వందల కొద్దీ గుంపుగా కదులుతూ కనపడితే వాటి కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. పిల్లల మీదికి ఏది వచ్చినా కరుస్తాయి కాబట్టి అప్పుడు పట్టడం అన్నిటికంటే తేలిక. పట్టకండి. అవి పోతే ఆ గుంపును పరకలు, కొంగలు ఒక్క పూటలో తినేస్తాయి.

కృష్ణ దగ్గర గాలం వేయడం చెరువులా కాదు. జూరాల కింద, బీచుపల్లి దగ్గర, మూసీ వచ్చి కలిసే వాడపల్లి దగ్గర, సాగర్ కింద నీళ్ళు బండల మధ్య పారుతాయి. బండ వెనక నీళ్ళు సుడి తిరిగి నెమ్మదించే చోట ఎర వేయాలి, చేప ప్రవాహంలో ఊరికే ఈదుతూ అలిసిపోదు, అట్లాంటి నీడలో నిలబడి కొట్టుకొచ్చేది అందుకుంటుంది. సీసం ఎక్కువ వేయాలి. వాలుగ చేప లాంటివి సాయంత్రం చీకటి పడే ముందు తిరుగుతాయి, దాని పళ్ళకు మామూలు తంగూసు ఆగదు, గాలం దగ్గర జానెడు స్టీలు తీగ పెట్టండి.

డ్యాముల కింద ఇంకో విషయం ఉంది, చేపల కంటే ముఖ్యం. గేట్లు ఎత్తినా, కరెంటు తయారీకి నీళ్ళు వదిలినా, మీరు కూర్చున్న బండ చుట్టూ నీళ్ళు చూస్తుండగానే పెరుగుతాయి. ఒక రాయి మీద నీళ్ళ గుర్తు చూసి పెట్టుకోండి, బెత్తెడు పెరిగిందనిపించినా సామాన్లు వదిలేసైనా ఒడ్డుకు రండి, సైరన్ మోగేదాకా ఆగకండి. ఒంటరిగా వెళ్ళకండి. కృష్ణలో మొసళ్ళున్నాయి, చలికాలం పొద్దున బండల మీద ఎండకు పడుకుంటాయి, దూరం నుంచి మొద్దులా కనపడతాయి. మోకాలి లోతు దిగి గాలం వేయడం, చేపలను తాడుకు గుచ్చి నడుముకు కట్టుకోవడం ఇక్కడ పనికిరావు. చెరువు శిఖంలో అయితే భయం బురదది, పైన ఎండిన పెచ్చులా ఉండి కింద నడుము దాకా దిగబడుతుంది. కర్రతో పొడిచి చూసి అడుగు వేయండి. హైదరాబాద్ మురుగంతా మూసీలోనే పారుతుంది కాబట్టి మూసీ చేపను నేను పట్టినా ఇంటికి తేను. జూరాల వెళ్ళి ఏమీ పడకపోతే బాధపడకండి, అక్కడ చేపల ఫ్రై కొట్లు వరసగా ఉన్నాయి, చాలామంది "మేం పట్టిన చేప" ఫొటోలు అక్కడివే.

జెల్లను పట్టుకోవడం నేర్చుకున్నాకే పట్టండి. వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కల రెక్కల దగ్గర రెండు ముళ్ళు, మూడూ నిటారుగా లేచి బిగుసుకుంటాయి. వెనక నుంచి అరచేయి జరిపి, పక్క ముళ్ళు వేళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చేట్టు పట్టుకోవాలి, లేదా తువ్వాలుతో. గుచ్చుకుంటే ఆ మంట మోచేతి దాకా పోతుంది. చేయి తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంట సేపు ముంచితే మంట దిగుతుంది, ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పెరిగినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి. పసుపు అద్ది ఊరుకోకండి.

ఏ చెరువులోంచి తెచ్చిన చేపనూ ఇంకో చెరువులో వదలొద్దు, ముఖ్యంగా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. మన మార్పులా కనపడుతుంది, ఇంకా పెద్దదవుతుంది, దాని పెంపకాన్ని నిషేధించారు. పడితే తిరిగి నీళ్ళలోకి వేయకండి. తెగిన తంగూసు ముక్కలు ఒక్కటి కూడా గట్టున వదలకండి, కొంగల కాళ్ళకు చుట్టుకుంటే విడదీసేవాళ్ళుండరు. నేను ఖాళీ మందుల డబ్బాలో చుట్టి తెచ్చుకుంటాను.

పట్టిన చేపను ఎండలో గోతాంలో పడేసి మధ్యాహ్నం ఇంటికి తెస్తే వండేవాళ్ళు తిడతారు, తిట్టాలి కూడా. తడి గోనెపట్టాలో చుట్టి, వీలైతే ఐసు పెట్టి తెండి. కొర్రమీనుకు జిగురు ఎక్కువ, కట్టెల పొయ్యి బూడిద దొరికితే అది పూసి, గరుకు బండ మీద రుద్దితే పొలుసు, జిగురు రెండూ పోతాయి, తర్వాత రాళ్ళ ఉప్పుతో ఒకసారి. పరకలకు కడుపు తీసి, పసుపు, ఉప్పు, కారం పెట్టి నూనెలో కరకరలాడేట్టు వేయించడమే, ముళ్ళతో సహా నమలొచ్చు. జెల్ల పులుసు పొద్దున చేసి రాత్రికి తినాలి, ఇది మా అక్క మాట, ఈ విషయంలో ఆమెతో వాదించే ధైర్యం నాకు లేదు.

మేనల్లుణ్ణి ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఐదింటికి లేపాను. గొణిగాడు కానీ వచ్చాడు. పెద్దయ్యకు దండం పెట్టి అడిగాడు, అరగంట కట్ట మీద నడిచాడు, లోతు కొలిచాడు. ఎనిమిదిన్నరకు పదకొండు పరకలు, రెండు జెల్లలు పడ్డాయి. రెండో జెల్ల ముల్లు బొటనవేలికి దిగి చెరువంతా వినపడేట్టు అరిచాడు. అక్క ఒక పక్క గిన్నెలో వేడి నీళ్ళు పెడుతూ ఇంకో పక్క నన్ను తిట్టింది. 4 వేల రాడ్డు ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక నిలబడి ఉంది, వాడు నా వెదురు కర్ర పట్టుకుపోయాడు. మూడు వారాలైంది, అడిగితే "ఇస్తా మామా" అంటాడు, ఇవ్వడు.